ఆలుమొగల నడుమ జీతం గోడ

బోయిగూడ అంటే పట్నపోళ్లకు ముందు యాదికొచ్చేది సికింద్రాబాద్ స్టేషన్ వెనుక గేటు. పదో నంబరు ప్లాట్‌ఫారం దిగి బయటికొస్తే టింబర్ డిపోలు, కట్టె కోత మిల్లులు, పాత సామాన్ల గోదాములు, వాటి నడుమ ఇరుకు గల్లీలు. 2008ల శంషాబాద్ విమానాశ్రయం తెరవకముందు ఎంతోమంది మనోళ్లు ఈ స్టేషన్‌లనే దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బొంబాయికి పోయి, అక్కడ గల్ఫ్ విమానం ఎక్కిండ్రు. భార్యాపిల్లలు ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి ఊపిండ్రు. ఇప్పుడు రైలు అక్కరలేదు, విమానం మన ఊరి నుంచే ఎగురుతున్నది. నిలబడిపోయినోళ్లు మాత్రం ఇంకా నిలబడే ఉన్నరు.

ఈ గల్లీలల్ల రెండిండ్ల ముచ్చట మేము విన్నం. పేర్లు రాయం. వాళ్లు రేపు మళ్లీ దరఖాస్తు పెట్టుకునేటోళ్లు, మా రాత వాళ్లకు అడ్డం కావద్దు.

మొదటి ఇంటి బిడ్డకు పెండ్లయి మూడేండ్లు. పెనిమిటి గల్ఫ్‌ల ఒక దుకాణంల స్టోర్ కీపర్. ఫ్యామిలీ వీసాకు పోతే ‘నీ జీతం చాలదు’ అని కౌంటర్ దగ్గరనే కాయిదాలు తిప్పి పంపిండ్రు. కొడుకుకు రెండో ఏడు నడుస్తున్నది. వాని లెక్కల బాపు అంటే సెల్‌ఫోన్. ఫోన్ మోగితే చాలు, ‘బాపు’ అనుకుంట ఉరుకుతడు.

రెండో ఇంటి బిడ్డ డిగ్రీ చదివింది. ఆమె భర్త 2024 ఎండకాలంల బ్రిటన్‌కు ముసలోళ్ల సంరక్షణ పనికి పోయిండు. ‘ఆర్నెల్లయితే నీ భార్యను తెచ్చుకోవచ్చు’ అని ఏజెంటు నమ్మబలికి లక్షలు గుంజిండు. ఆ మాట చెప్పేనాటికే అక్కడి చట్టం మారింది. 2024 మార్చి 11 నుంచి కొత్తగ సంరక్షణ పనికి పోయేటోళ్లు భార్యను, భర్తను, పిల్లలను తీసుకపోవద్దన్నరు. ఏజెంటుకు ఎరుక, చెప్పలేదు. ఇప్పుడు మిత్తి కట్టేది ఈమె, ఒంటరిగ ఉండేదీ ఈమెనే.

మేము అడుగుతున్నం. ఈ రెండిండ్లల్ల ఎవరి తప్పున్నది? పెండ్లి దొంగది కాదు. సర్టిఫికెట్ దొంగది కాదు. మనుషులు నేరస్తులు కారు. ఒకరికి జీతం తక్కువ, ఇంకొకరు చేసే పని తక్కువదని లెక్కకట్టిండ్రు. అంతే. ఆలుమొగలు ఒక్క కప్పు కింద ఉండాల్నా వద్దా అనేది ఇయ్యాల జీతం స్లిప్ చూసి తేలుస్తున్నరు. ఇది వాళ్లిద్దరి ఇంటి గొడవ కాదు. ఇది మన పోరాటంల రావలసిన డిమాండ్ అని మేము గట్టిగ అంటున్నం.

ఎంత జీతముంటే అంత సంసారం

లెక్కలు చూడుండ్రి. కువైట్‌ల 2016 ముందు నెలకు 250 దినార్ల జీతమున్నోడు భార్యను తెచ్చుకోవచ్చు. 2016ల అది 450 అయింది. 2019ల 500 అయింది. 2022ల ఫ్యామిలీ వీసాలే ఆపిండ్రు. 2024 జనవరిల మళ్లీ తెరిచినప్పుడు 800 దినార్లు చేసిండ్రు. మన పైసలల్ల నెలకు రెండు లక్షల పైమాటే. ఎనిమిదేండ్లల్ల గోడ మూడింతలకు మించి పెరిగింది. స్టోర్ కీపర్ జీతం మూడింతలయిందా? డ్రైవర్ జీతం అయిందా?

ఎమిరేట్స్‌ల 2019 దాక చేసే కొలువును బట్టి అర్హత చూసేటోళ్లు. ఆ ఏడు దాన్ని తీసేసి నెలకు 4,000 దిర్హాములు, లేకుంటే 3,000 దిర్హాములు, పైన ఉండుటానికి ఇల్లు అన్నరు. అంతకు తక్కువ వచ్చే కూలీకి గేటు తెరుసుకోలేదు.

సౌదీల తీరు ఇంకొకటి. 2017 జూలైల వెంట ఉన్న కుటుంబసభ్యులు ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల పన్ను పెట్టిండ్రు. ఏటా 100 పెంచుకుంట 2020 జూలై నాటికి 400 చేసిండ్రు. భార్య, ఇద్దరు పిల్లలుంటే నెలకు 1,200, ఏడాదికి 14,400 రియాళ్లు. వీసా రద్దు చేసే పని లేకుండనే కుటుంబాలను వెళ్లగొట్టే ఉపాయం అది. ఆ ఏండ్లల్ల మూటాముల్లె సర్దుకొని హైదరాబాద్‌కు తిరిగొచ్చిన తల్లీపిల్లలు ఎందరో. ఇక్కడి బడులల్ల నడిమిట్ల సీట్లకోసం తిరిగింది వాళ్లే.

బ్రిటన్‌ల పౌరుడైనా, స్థిరపడినోడైనా సరే, విదేశీ భార్యను తెచ్చుకోవాలంటే ఏడాదికి 18,600 పౌండ్ల సంపాదన ఉండాలని 2012 జూలైల రూలు పెట్టిండ్రు. 2024 ఏప్రిల్ 11 నుంచి దాన్ని 29,000 చేసిండ్రు. ఇది గాక వీసా ఫీజు వేరే, ఏటికి 1,035 పౌండ్ల చొప్పున ఆరోగ్య సర్‌చార్జి వేరే. బోయిగూడల పుట్టి పెరిగిన బిడ్డ లండన్ కాయిదంల ‘విదేశీ భార్య’ అయితది. ఆమె ఖరీదు పౌండ్లల్ల రాసి ఉంటది.

‘వాళ్ల దేశం, వాళ్ల ఇష్టం. తక్కువ జీతంతోని కుటుంబాన్ని ఎట్ల సాకుతడు?’ అని కొందరు పెద్దమనుషులు అంటరు. అయ్యా, ఆ జీతం నిర్ణయించింది ఎవరు? కార్మికుడా? కుటుంబాన్ని సాకలేనంత జీతమే ఇచ్చి, మళ్లీ నీకు సాకే శక్తి లేదని వీసా ఆపుతున్నరు. సంపాదించే మనిషి కావాలె గని ఆయన పిల్లల బడి వద్దు, భార్య కాన్పు వద్దు, తల్లిదండ్రుల దవాఖాన వద్దు. ఆ ఖర్చంతా జగిత్యాల మోయాలె, సిరిసిల్ల మోయాలె, బోయిగూడ మోయాలె. రెండు చేతులను దిగుమతి చేసుకొని మనిషిని ఊర్లనే వదిలిపెట్టమంటున్నరు. కూలి అగ్గువకు దొరికే రహస్యం ఇదే.

మన సర్కారే ధర తగ్గించింది

పరాయి సర్కార్లను అన్నంక మన సర్కారును అడగకపోతే అది సగం మాటే. విదేశాలకు పోయే ఈసీఆర్ పాస్‌పోర్టు కార్మికులకు ఇంతకు తక్కువ జీతం ఇయ్యొద్దని కేంద్రం ఒక కనీస వేతనం పెడుతది. 2020 సెప్టెంబరుల, కరోనాతోని జనం ఆగమైన టైంల, ఆ వేతనాన్ని కేంద్రం కోసేసింది. ఎమిరేట్స్, ఖతర్, బహ్రెయిన్, ఒమన్‌లకు నెలకు 200 డాలర్లు. కువైట్‌కు 245. సౌదీకి 324.

పక్కపక్కన పెట్టి చూడుండ్రి. ఎమిరేట్స్‌ల భార్యను తెచ్చుకోవాలంటే 4,000 దిర్హాములు, అంటే సుమారు 1,089 డాలర్లు కావాలె. మన కేంద్రం చాలన్నది 200. ఐదింతల తేడా. కువైట్ 800 దినార్లు రెండున్నర వేల డాలర్లకు పైన. మన కేంద్రం చాలన్నది 245. పదింతల తేడా. మన సర్కారు తన చేత్తోని సంతకం పెట్టి ‘మా కార్మికుడు ఒంటరిగనే బతుకుతడు, అంతే చాలు’ అని రాసిచ్చినట్టే. అమ్మ పెట్టదు, అడుక్క తిననియ్యదు అంటే ఇదే.

ఆ కోత మీద గల్ఫ్ కార్మికుల తరఫున తెలంగాణ హైకోర్టుల ప్రజాప్రయోజన వ్యాజ్యం పడ్డది. 2021ల కేంద్రం ఆ సర్క్యులర్లను వెనక్కి తీసుకున్నది. అడిగితే దిగొస్తరనటానికి ఇదే రుజువు. వేతనం గురించి అడిగినోళ్లం కుటుంబం గురించి ఎందుకు అడగొద్దు?

సర్కార్లు దేశాలతోని మాట్లాడలేవా అంటే మంచిగ మాట్లాడుతయి. 2025 జూలై 24న బ్రిటన్‌తోని వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేసిండ్రు. స్కాచ్ విస్కీ మీద 150 శాతమున్న సుంకాన్ని ముందు 75కు, పదేండ్లల్ల 40కి తగ్గిస్తమని ఒప్పుకున్నరు. సీసా ఇటు రావటానికి తోవ దొరికింది. బోయిగూడ బిడ్డ పెనిమిటి దగ్గరికి పోవటానికి మాత్రం తోవ దొరకలేదు. సీసాకున్న పలుకుబడి మన బిడ్డకు లేకపాయె.

1913ల గూడ ఇదే గొడవ

ఇది ఇయ్యాల పుట్టిన గొడవ కాదు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి కూలీలను తీసుకొని డర్బన్ రేవుకు చేరింది. 1911 దాక లక్షన్నర మందికి పైగ భారతీయ కూలీలు నేటాల్ చెరుకు తోటలకు, బొగ్గుబాయిలకు పోయిండ్రు. మద్రాసు నుంచి పోయినోళ్లల్ల తమిళులతోపాటు తెలుగోళ్లు గూడ ఉన్నరు. చెమట కావాలన్నన్ని రోజులు వాళ్ల పెండ్లిళ్ల గురించి ఎవడూ అడగలేదు.

1913 మార్చి 14న కేప్ ఉన్నత న్యాయస్థానంల జస్టిస్ సర్ల్ ఒక తీర్పు ఇచ్చిండు. హసన్ ఈసప్ అనే ఆయన భార్య బాయి మరియం ఓడ దిగి తన ఇంటికి పోదామంటే అధికారులు ఆపిండ్రు. ఒకరికంటే ఎక్కువమందిని పెండ్లాడే వీలున్న మతం ప్రకారం జరిగిన పెండ్లి మాకు పెండ్లే కాదు అన్నది తీర్పు. ఒక్క కలంపోటుతోని హిందువుల, ముస్లింల పెండ్లిళ్లన్నీ చెల్లకుండ పోయినయి. అక్కడున్న వేలమంది ఆడోళ్లు తెల్లారేసరికి ఎవరికీ భార్యలు కాకుండ అయిండ్రు.

అప్పుడు వాళ్లు ఏం చేసిండ్రు? ఇంటింటికి విడివిడిగ దరఖాస్తు పెట్టుకొని ఎదురు చూసిండ్రా? కస్తూరిబాతోపాటు ఆడోళ్లు సరిహద్దు దాటి జైలుకు పోయిండ్రు. న్యూకాజిల్ బొగ్గుబాయిలల్లకు పోయి కూలీలను కదిలించిండ్రు. సమ్మె లేచింది. 1913 నవంబరు 6న రెండువేల మందికి పైగ ట్రాన్స్‌వాల్ దిక్కు నడక మొదలుపెట్టిండ్రు. జైలుల రోగం తగిలిన వల్లియమ్మ అనే పదహారేండ్ల పిల్ల 1914 ఫిబ్రవరి 22న కన్నుమూసింది. ఆ ఏడే వచ్చిన చట్టంల మూడు పౌండ్ల తలపన్ను పోయింది, మన తీరు పెండ్లిల కట్టుకున్న ఒక్క భార్యకు గుర్తింపు దొరికింది. కూలికి సంబంధించిన పన్నును, సంసారానికి సంబంధించిన హక్కును వాళ్లు ఒక్క పోరాటంల కలిపి కొట్లాడిండ్రు. మనం వాటిని విడదీసి ఓడిపోతున్నం.

తెల్లదొరల అనుమానం

బ్రిటన్ చరిత్ర చూస్తే కడుపు మండుతది. 1979 జనవరిల పెండ్లి చేసుకోవటానికి లండన్‌కు వచ్చిన ఒక భారతీయ టీచరమ్మను హీత్రూ విమానాశ్రయంల ‘కన్యత్వ పరీక్ష’ పేరుతోని అవమానించిండ్రు. పెండ్లికూతురు అని నమ్మటానికి వాళ్లకు ఆ రుజువు కావాల్సొచ్చింది. పత్రికలల్ల వచ్చి గోల లేచినంకనే ఆ పద్ధతి ఆపిండ్రు.

తర్వాత 1980లల్ల ఇంకొక రూలు. ఈ పెండ్లి అసలు ఉద్దేశం బ్రిటన్‌కు రావటం కాదని నువ్వే రుజువు చేసుకోవాలె. మన దగ్గర పెద్దలు మాట్లాడుకొని, పెండ్లిచూపులు చూసి, నెలల్నే ముహూర్తం పెడుతరు. పెండ్లికి ముందు ఎన్నిసార్లు కలిసిండ్రు, ఎన్ని జాబులు రాసుకున్నరు అని అడిగితే మన పిల్ల ఏం చెప్పాలె? మన ఆచారమే మన మీద సాక్ష్యమైంది. 1997 జూన్‌ల ఆ రూలు పోయింది. దాని బదులు 2012ల జీతం రూలు వచ్చింది.

ఇంకొక ముచ్చట. భర్తలను తెచ్చుకోనియ్యకుండ ఆపినందుకు ముగ్గురు ఆడోళ్లు యూరప్ మానవ హక్కుల న్యాయస్థానానికి పోయిండ్రు. 1985 మే 28న వాళ్లు గెలిచిండ్రు. మొగోళ్లు భార్యలను సులువుగ తెచ్చుకుంటున్నప్పుడు ఆడోళ్లకు అడ్డం పెట్టటం వివక్ష అన్నది కోర్టు. బ్రిటన్ ఏం చేసింది? ఆడోళ్లకు తోవ తెరవలేదు, మొగోళ్ల తోవ గూడ మూసింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

అమెరికాల 2024 జూన్ 21న అక్కడి సుప్రీంకోర్టు సాండ్రా మున్యోజ్ కేసుల తీర్పిచ్చింది. ఆమె అమెరికా పౌరురాలు. భర్తది ఎల్ సాల్వడార్. 2010ల పెండ్లయింది. ఆయన పచ్చబొట్లు చూసి ముఠా మనిషన్న అనుమానంతోని వీసా ఆపిండ్రు. తన భర్తను తన దేశానికి తెచ్చుకోవటం పౌరురాలి మౌలిక హక్కు కాదు అని ఐదుగురు జడ్జీలన్నరు, ముగ్గురు కాదన్నరు. కాన్సులేట్ అధికారి ఒక్క గీత గీస్తే దాని మీద కోర్టుల అడిగే తోవ దాదాపు లేదన్నట్టు. సొంత పౌరురాలికే ఆ గతి అయితే, హెచ్1 మీద పోయిన మన పిల్లల భార్యల మాట ఎవడు వింటడు?

నిరాకరణ కాయిదం చేతికొస్తే

కోపం ఒక్కటే చాలదు. రేపు మీ ఇంటికే ఈ కాయిదం రావచ్చు, కాబట్టి నాలుగు ముచ్చట్లు చెప్తున్నం.

ఒకటి. కాయిదంల ఏం రాసిండ్రో అక్షరమక్షరం చదివించుకోండ్రి. వద్దనే మాటలన్నీ ఒక్కటి కావు. అమెరికా కాన్సులేట్ 221(జి) అని ఇస్తే తలుపు మూసినట్టు కాదు. కాయిదాలు తక్కువున్నయి, లేకుంటే పరిశీలన నడుస్తున్నది అని అర్థం. అడిగినవి ఏడాదిలోపల ఇస్తే మళ్లీ ఫీజు కట్టే పని ఉండదు. బ్రిటన్ భార్యాభర్తల వీసా తిరస్కరిస్తే ఇక్కడి నుంచి అప్పీలుకు 28 రోజులే గడువు. ఏడుసుకుంట కూర్చుంటే నెల పోతది, హక్కు పోతది. గల్ఫ్‌ల కౌంటర్ దగ్గర నోటిమాటతోని తిప్పి పంపితే కారణం రాతల ఇయ్యమని అడగాలె.

రెండు. పెండ్లిని రిజిస్టర్ చేయించుకోండ్రి. మన దగ్గర 2002 నుంచే పెండ్లిళ్ల తప్పనిసరి నమోదు చట్టం ఉన్నది. 2006 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు గూడ అన్ని పెండ్లిళ్లకు నమోదు ఉండాలన్నది. అయినా మనోళ్లు ఫంక్షన్ హాల్‌కు లక్షలు పెడుతరు, రిజిస్టర్ ఆఫీసు మొకం చూడరు. వీసా పనిపడ్డప్పుడు పెండ్లి ఆల్బం పట్టుకొని తిరుగుతరు. నిఖా అయినోళ్లు వక్ఫ్ బోర్డు సర్టిఫికెట్ ముందే తీసుకోవాలె.

మూడు. పేర్లు సరిచూసుకోండ్రి. పదో తరగతి మెమోల ఇంటిపేరు ఒక్క అక్షరం. ఆధార్‌ల ఇంటిపేరు ముందు. పాస్‌పోర్టుల వెనుక. పెండ్లి సర్టిఫికెట్‌ల అత్తగారి ఇంటిపేరు. మన కండ్లకు అంతా ఒక్క మనిషే. అవతలి ఆఫీసర్‌కు నలుగురు ఆడోళ్లు కనబడుతరు. పెండ్లయిన వారంల చేసుకోవాల్సిన పని ఇది.

నాలుగు. ఏజెంటు చేసిచ్చే దొంగ జీతం సర్టిఫికెట్, దొంగ బ్యాంకు కాయిదం ముట్టొద్దు. బ్రిటన్‌ల మోసం బయటపడితే పదేండ్ల దాక తలుపు మూస్తరు. అమెరికాల అబద్ధం దొరికితే జీవితమంతా వెంటాడుతది. ఇయ్యాల తక్కువ జీతం వల్ల ఆగిన వీసా రేపు జీతం పెరిగితే రావచ్చు. దొంగతనం మచ్చ పడితే ఎప్పటికీ రాదు.

ఇవన్నీ చేసినా జీతం గోడ ముందట ఆగిపోయేటోళ్లే ఎక్కువ. 250 దినార్లు వచ్చేటోడు ఎన్ని కాయిదాలు సర్దినా 800 కావు. అందుకే ఇది ఒక్కొక్కరు తీర్చుకునే పని కాదంటున్నం.

చస్తేనే కుటుంబమా?

తెలంగాణ బతుకు బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఉద్యమంల గొంతులు పగిలేటట్టు అరిచినం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. విదేశాలకు మనుషులను పంపటానికి టామ్‌కామ్ అనే సర్కారు సంస్థ వచ్చింది. 2024 సెప్టెంబరుల గల్ఫ్‌ల చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తమని ఉత్తర్వులు వచ్చినయి. మంచిదే, ఏండ్లకేండ్లు కొట్లాడితే వచ్చింది. దాన్ని మేము తక్కువ చేయం.

కని ఒక్క మాట అడుగుతం. పంపటానికి ఆఫీసున్నది. పీనుగ వస్తే లెక్క ఉన్నది. పంపటానికి, పీనుగకు నడుమ ఉన్న ఇరవై ఏండ్ల బతుకుకు ఏమున్నది? శవపేటిక శంషాబాద్‌ల దిగినప్పుడు ‘భార్య ఎవరు, వారసులెవరు’ అని సర్కారు అడుగుతది. బతికున్నప్పుడు ఆ భార్య ఎన్నిసార్లు అడిగినా సర్కారు పలకలేదు. కేరళ 1996లనే ప్రవాసుల కోసం నోర్కా అని వేరే శాఖ పెట్టుకున్నది. మనమేమో రాష్ట్రమొచ్చిన పదేండ్లకు చావు పరిహారం కాడికి వచ్చినం. భార్య సచ్చినంక కాదు, బతికుండంగనే భార్య అని గుర్తించాలె. భర్త సంగతీ అంతే.

బోయిగూడ మంట అడిగే ప్రశ్న

ఇంకొకటి గూడ చెప్పకపోతే మా మాటకు విలువ ఉండదు. 2022 మార్చి 23 తెల్లవారుజామున ఇదే బోయిగూడల పాత సామాన్ల గోదాం అంటుకున్నది. పై అంతస్తుల పండుకున్న 11 మంది బీహార్ కార్మికులు సచ్చిపోయిండ్రు. బయటపడ్డది ఒక్కడు. పొద్దంత సీసాలు, ఇనుము ఏరే ఆ మనుషులకు పొద్దుమీకి ఆ సరుకు మీదనే పడక. వాళ్ల ఇంటోళ్లు బీహార్ పల్లెలల్ల. అప్పుడు గూడ రాష్ట్ర సర్కారు ప్రకటించింది తలా 5 లక్షలే.

వాళ్లకు ఏ వీసా అడ్డమున్నది? సికింద్రాబాద్‌కు రావటానికి పాస్‌పోర్టు అక్కరలేదు గదా! అయినా భార్యను వెంట తెచ్చుకునే కూలి మనం ఇయ్యలేదు, ఉండే అర్ర మనం ఇయ్యలేదు. గల్ఫ్ లేబర్ క్యాంపుల మనోనికి జరిగేదే, మన గల్లీల బీహార్ పిల్లగానికి జరిగింది. అక్కడి కఫీల్‌ను తిట్టే మనం ఇక్కడ కఫీల్‌లం కావద్దు. హక్కు అంటే మన ఇంటికి ఒక తీరు, మంది ఇంటికి ఒక తీరు ఉండదు. గోదాం పైన పండుకునే కూలీకి కుటుంబం ఉంటదని ఒప్పుకున్నోడే కువైట్ సర్కారును గట్టిగ అడగగలడు.

మేము అడిగేది ఇది

వలస కార్మికుల, వాళ్ల కుటుంబాల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 1990 డిసెంబరు 18న ఒక ఒడంబడిక చేసింది. కుటుంబాలు కలిసి ఉండేటట్టు దేశాలు చూడాలని అందుల ఉన్నది. 2003 జూలై నుంచి అమలుల ఉన్నది. గల్ఫ్ దేశాలు ఒప్పుకోలేదు. బ్రిటన్, అమెరికా ఒప్పుకోలేదు. ఇన్ని కోట్లమందిని పంపే భారతదేశం గూడ ఒప్పుకోలేదు. ముందు మనం సంతకం పెట్టనిదే అవతలోని ఇంటి ముందట ఏ మొకంతోని నిలబడుతం?

కేంద్రం ఆ ఒడంబడికను ఒప్పుకోవాలె. ఏ దేశంతోని కార్మిక ఒప్పందం చేసినా, వాణిజ్య ఒప్పందం చేసినా, కుటుంబ వీసా మాట అందుల ఉండాలె. కనీస వేతనం లెక్కకట్టేటప్పుడు ఒంటరి మనిషి తిండి ఖర్చు కాదు, సంసారం ఖర్చు చూడాలె.

రాష్ట్ర సర్కారు వీసా ఆగిన కుటుంబాలకు సాయం చేసే కౌంటర్ ప్రతి జిల్లాల పెట్టాలె. కాయిదం చదివి చెప్పెటోడు, అప్పీలు రాసిచ్చే వకీలు, తెలుగుల, ఉర్దూల మాట్లాడెటోళ్లు అక్కడ ఉండాలె. మనిషిని పంపే ప్రతి ఏజెంటు ‘ఈ వీసా మీద భార్యను, భర్తను తీసుకపోవచ్చా లేదా’ అనేది తెలుగుల రాసి సంతకం పెట్టియ్యాలె. అబద్ధం రాస్తే లైసెన్స్ రద్దు చేయాలె, పైసలు వాపసు ఇప్పియ్యాలె. ఈ పట్నంకు కూలికొచ్చే వలస కార్మికులకు కుటుంబంతోని ఉండే కిరాయి ఇండ్లు కట్టాలె.

విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెండ్లారా! రేపు మీరు పోయే దేశాలే ఇవి. బ్రిటన్ 2024 జనవరి నుంచి పరిశోధన చదువులు తప్ప మిగిలిన కోర్సుల విద్యార్థులు ఆలుపిల్లలను తేవద్దని చెప్పింది. ఇది గల్ఫ్ కూలీ గొడవ, మాకెందుకని అనుకోకుండ్రి. ఉద్యోగ మిత్రులారా! బదిలీల భార్యాభర్తలకు ఒక్క ఊర్లనే పోస్టింగ్ కావాలని మీరు ధర్నాచౌక్‌ల కూర్చున్నప్పుడు మేము తప్పనలేదు, మీది న్యాయమే అన్నం. ఒక జిల్లాకు ఇంకొక జిల్లాకు నడుమ ఎడబాటు అన్యాయమైతే, సముద్రానికి అవతల ఎడబాటు ఎట్ల న్యాయమైతది?

బోయిగూడ గల్లీల ఆ పిల్లగాడు ఇంకా ఫోన్‌నే బాపు అంటున్నడు. వాడు బడికి పోయేనాటికైనా బాపు చెయ్యి పట్టుకొని నడవాలె. దానికోసం వాళ్ల అమ్మ ఒక్కతే దరఖాస్తు పెడితే సరిపోదు. మనందరం కలిసి పెట్టాలె. 1913ల బొగ్గుబాయి కూలీలు చేసింది, రాష్ట్రం తెచ్చుకున్న మనకు చేతకాదా?